ఛాయాచిత్రము వెనుక వ్రాత

నా వ్రాతబల్లపై ఇప్పుడొక చిన్న ఛాయాచిత్రమున్నది. అరచేతిలో ఇమిడిపోవునంతటి నలుచదరపు కాగితము. రంపపుపళ్లవలె కత్తిరించిన తెల్లని అంచు. నలుపు ముదిరినచోట, వెలుతురునకు ఏటవాలుగా పట్టి చూచినచో, నీటిమీద తేలిన నూనెవలె నీలివెండి మెరుపు. బొమ్మలో ఒక చిన్న రైలుబండి ఆగియున్నది. ఇంజను కనబడదు, ఒక పెట్టె పూర్తిగాను, ఇంకొక పెట్టె సగమును కనబడుచున్నవి. గుమ్మమునొద్ద చుట్టిన జెండా చేతబట్టుకొని ఒక గార్డు, ఆయన ప్రక్కన చొక్కా లేని ఒక బాలుడు, వారికి నాలుగడుగుల దూరమున తలపై ఆకులు కప్పిన గంపతో ఒక స్త్రీ. నాకు దొరికిననాడు ఈ బొమ్మ వెనుక ఏమియు లేదు. ఊరు లేదు, తేదీ లేదు, పేరు లేదు.

పాత ఛాయాచిత్రములను భద్రపరచుటయనగా వానిని చెదలనుండి, చెమ్మనుండి కాపాడుటయే యని చాలమంది తలంతురు. నేనును చాలకాలము అట్లే తలంచితిని. కాని ఎంత శుభ్రముగా కాపాడినను, అందున్నవారెవరో, అది ఏ ఊరో, ఏ కాలమో చెప్పగలవారు గతించిన పిమ్మట, ఆ బొమ్మ మూగదైపోవును. అంతరించిన యొక రైలుమార్గపు చరిత్రను నిలుపగోరువాడు మొట్టమొదట అలవరచుకొనవలసినది కెమేరా జ్ఞానము కాని కంప్యూటరు జ్ఞానము కాని కాదు; తెలిసినవారిని వెదకికొనిపోయి, ఓపికతో అడిగి, విన్నదానిని విన్నట్లుగా ఆ బొమ్మ వెనుక వ్రాసిపెట్టు గుణము. ఈ అధ్యాయమున ఆ గుణమును గూర్చియు, దానికి కావలసిన పనితనమును గూర్చియు, నాకు పరిచితమైన యొక చిన్న రైలును ఆధారముగా గొని చెప్పెదను.

ఆ రైలు పర్లాకిమిడి రైలు. శ్రీకాకుళం జిల్లాలో ఉప్పుమళ్లకు పేరుబడిన నౌపడానుండి టెక్కలి, టెంబూరు, పాతపట్నముల మీదుగా పర్లాకిమిడికిని, అటుపిమ్మట కాశీనగరము మీదుగా వంశధార యొడ్డుననున్న గుణుపురమునకును రెండడుగుల ఆరంగుళముల వెడల్పుగల సన్నని పట్టాలపై నడచిన బండి యది. తూర్పుతీరపు పెద్ద రైలుమార్గము తన రాజధానికి పాతికమైళ్ల దూరమున నౌపడా మీదుగా పోవుచుండగా, పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి నారాయణదేవు తన ఊరిని దానితో కలుపుటకై సుమారు 7 లక్షల రూపాయలు వెచ్చించి ఈ మార్గమును వేయించెను. 1900 ఏప్రిల్ 1వ తేదీన అది ప్రారంభమైనది. మొదటి సంవత్సరములలో నష్టములే వచ్చినను, 1910 తరువాత కొద్దిపాటి లాభమును, 1924–25 నుండి మంచి రాబడియు కనబడుటచే, 1929లోను 1931లోను రెండు విడతలుగా గుణుపురము వరకు పొడిగింపబడినది. అప్పటికి మార్గము నిడివి సుమారు 90 కిలోమీటర్లు. ప్రారంభమైన దినమునకు సరిగా ముప్పదియారు వత్సరములకు, 1936 ఏప్రిల్ 1వ తేదీన, ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందు చేరగా, ఈ చిన్న బండి తెలుగునేలను బయలుదేరి ఒరియానేలను చేరునదైనది. దారిపొడుగున మాత్రము రెండు భాషలును, కొండలనుండి దిగివచ్చిన సవరల భాషయు, ఒకే పెట్టెలో వినబడుచునే యుండెడివి.

2004 జూన్ నెలలో సన్నపట్టాల బండి నిలిచిపోయినది. పట్టాలు తీసివేసిరి, అదే దారిని పెద్దపట్టాలు వేసిరి, 2011 నాటికి గుణుపురము వరకు పెద్ద బండ్లు నడువనారంభించినవి. ప్రయాణికునకు మేలే జరిగినది. దానిని కాదనువాడను కాను. కాని నూటనాలుగు సంవత్సరములు నడచిన యొక బండి ఆనవాళ్లు ఒక్క దశాబ్దములో కనుమరుగైనవి. ఏ రైలైనను మూతపడి చెట్లపాలైనచో కనీసము కట్టయైనను మిగులును; పెద్దపట్టాల క్రిందికి వెళ్లిన చిన్న రైలునకు ఆ కట్టయును మిగులదు. ఇక మిగిలియున్నది ఇండ్లలోని ఫోటోలలోనే.

పర్లాకిమిడి పేరు తలచినప్పుడు గిడుగు రామమూర్తి పంతులుగారు తలపునకు రాకమానరు. అచ్చటి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులై, కొండజాతివారైన సవరల భాషను వారి నోటనే విని, ఒక్కొక్క మాటను వ్రాసికొని, వ్యాకరణమును నిఘంటువును కూర్చిన మహనీయులు వారు. ఆనాటికి ఆ భాషకు లిపి లేదు, గ్రంథము లేదు. అడిగి వ్రాసికొనుట తప్ప వేరు దారి లేదు. సవర నిఘంటువు 1938లో వెలువడునప్పటికి ఆ కృషికి ఆరంభమై దశాబ్దములు గడచినవి. ఛాయాచిత్రములు సేకరింపబూనిన యువకులెవరు నన్ను సలహా యడిగినను నేను మొదట వీరి మాటయే చెప్పుదును. చిన్న రైలు కూడ నేడు లిపి లేని భాషవంటిదే. దానిని మాటాడగలవారు ఇంకను కొందరున్నారు.

ఇక వెదకుట యెక్కడ? ఈ మార్గమును రాజావారి తరువాత బెంగాల్ నాగపూర్ రైల్వే నిర్వహించినది. 1944లో ఆ కంపెనీ ప్రభుత్వము చేతికి వచ్చినది. 1952లో తూర్పు రైల్వేలో చేరినది. 1955లో ఆగ్నేయ రైల్వే యైనది. 2003లో తూర్పుకోస్తా రైల్వే పాలైనది. ఇన్నిసార్లు యజమానులు మారిన సంస్థ కాగితములు ఒకచోట ఉండవని వేరుగ చెప్పనక్కరలేదు. కొన్ని కలకత్తా వైపు పోవును, కొన్ని విశాఖపట్టణము వైపు, కొన్ని భువనేశ్వరము వైపు. 1936కు పూర్వము పర్లాకిమిడి చెన్నరాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది కనుక, ఆనాటి ప్రభుత్వపు ఉత్తరప్రత్యుత్తరములను చెన్నపట్టణపు దస్తావేజుశాలలో వెదకవలెను. ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియమును మరువరాదు. ఐనను ఇట్టి కార్యాలయములలో దొరకునవి వంతెనల బొమ్మలు, ఇంజన్ల బొమ్మలు, దొరలు వరుసగా కూర్చున్న బొమ్మలు. జనముతో కూడిన రైలు కావలెనన్నచో ఇండ్లకు పోవలెను. పెండ్లివారు స్టేషనులో దిగుచుండగా తీసినది, బదిలీయైపోవు స్టేషను మాస్టరునకు పూలదండ వేసి తీసినది, కొత్తగా కొన్న కెమేరాతో మేనల్లుడెవడో సరదాకు తీసినది – ఇట్టివానిలో బండి వెనుకనెక్కడో అనుకోకుండ పడియుండును. కనుక ఇంటివారిని “మీయొద్ద రైలు ఫోటోలున్నవా?” అని అడుగవద్దు. లేవందురు. “మీ ఇంట పాత పెండ్లి ఆల్బములున్నవా?” అని అడుగుడు. రైలు అందులో నుండును.

ఊరి ఫోటోస్టూడియోలను గూడ తప్పక దర్శింపవలెను. అచ్చట అటకపై అట్టపెట్టెలలో నెగెటివులు పడియుండును. స్టూడియో మూసినదినమున అవి పాతసామానులవానికి పోవును. ఒక్కవారము ముందుగా పోయినవాడు ఒక ఊరి చరిత్రను కాపాడగలడు.

దొరికిన పిమ్మట మొదటి నియమము తొందరపడకుండుట. ఇది నేను నష్టపడి నేర్చినది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక యింట గోడకు తగిలించిన పటములో చిన్న రైలు ఇంజను ప్రక్క నిలుచున్న నలుగురు పనివారి ఫోటో చూచితిని. ఆ యింటి ఇల్లాలు “పాతది బాబూ, వానాకాలం చెమ్మకి అద్దానికి అతుక్కుపోనాది, కావాలంటే తీసుకెళ్లు” అనెను. ఆత్రముతో అక్కడికక్కడే వెనుక అట్ట విప్పి, కాగితమును అద్దమునుండి మెల్లగా లాగితిని. మూడు ముఖములు కాగితముతో వచ్చినవి. నాల్గవ ముఖము అద్దమునకే ఉండిపోయినది. ఆ నల్గురిలో నాల్గవవాడే ఆ ఇల్లాలి మామగారు. ఆమె నన్నొక్క మాట యనలేదు. ఆ మౌనము నాకిప్పటికిని మరపునకు రాదు.

ఆనాటి ఫోటోకాగితముపై బొమ్మను నిలుపునది వెండి. ఆ వెండిని పట్టియుంచునది జెలటిను అను పొర. జెలటిను చెమ్మ తగిలినచో మెత్తబడి, అద్దమునకు జిగురువలె పట్టుకొని, ఎండినప్పుడు గట్టిపడును. కనుక అద్దమునకు అంటిన ఫోటోను ఎన్నడును లాగరాదు. అద్దముతో సహా, పటముతో సహా, ఉన్నదున్నట్లుగా ముందు దానికి నకలు తీయవలెను. విడదీయుట నిపుణుల పని. అట్లే తడిసి ఒకదానికొకటి అంటిన ఫోటోలను వేలితో గోకరాదు. ఫోటోను పట్టునప్పుడు చేతులు కడిగి, పూర్తిగా తుడిచి, అంచులను మాత్రమే పట్టవలెను. వ్రేలి చెమట పడినచోట కొన్నేండ్లకు వ్రేలిముద్రయే మరకయై తేలును. చిరిగినదానికి సెలోటేపు వేయుట, మెరుపుకొరకు లామినేషను చేయించుట – ఈ రెండును మంచియుద్దేశముతో చేయబడు హత్యలు. టేపులోని జిగురు పసుపై కాగితములోనికి దిగును. లామినేషను వేడికి పొర చెడును, దానిని మరల విప్పుట అసాధ్యము. జిగురుపూసిన పుటలపై ప్లాస్టికు కాగితము కప్పెడు ఆల్బములు మన యిండ్ల నిండ గలవు. అందున్న పాత ఫోటోలను, ఇంకను ఊడివచ్చుచున్నంతలోనే, తీసివేయుట మేలు.

దాచుట యెక్కడ? మన తీరప్రాంతపు గాలిలో చెమ్మ యెక్కువ. ఫోటోకు నూటికి ముప్పది మొదలు ఏబది వంతుల చెమ్మ హితము. శ్రీకాకుళము వర్షాకాలమున అది మన చేతిలోని పని కాదు. చేయగలిగినది చేయవలెను. బయటిగోడకు ఆనిన బీరువా వద్దు. దేవుని గది పొగ వద్దు. వంటింటి ప్రక్క వద్దు. ఇంటి నడిమిగదిలో, నేలకు ఎత్తుగా, ఆమ్లము లేని మంచి కాగితపు కవరులలో ఒక్కొక్కటిగా పెట్టి, అట్టపెట్టెలో నిలువుగా అమర్చవలెను. ప్లాస్టికు కవరు తప్పనిసరియైనచో పీవీసీ కానిదానిని అడిగి తీసికొనుడు. పీవీసీ కాలక్రమమున ఆవిరులు విడిచి బొమ్మను అంటుకొనును. వెండిచేపపురుగు జెలటినును తినును గనుక సంవత్సరమున రెండుమారులు పెట్టె తెరచి చూడవలెను. నెగెటివులు చేతికి వచ్చినప్పుడు వాసన చూడుడు. పుల్లని వెనిగరువాసన వచ్చినచో ఆ ఫిల్ము క్షీణించుచున్నదని గుర్తు. దానిని తక్కినవానితో కలిపియుంచినచో ఆ జబ్బు వానికిని వ్యాపించును. వేరుచేసి, ముందుగా దానికే నకలు తీయుడు.

నకలు తీయు పద్ధతిని ఈనాటి యువకులకు నేను చెప్పవలసినదేమియు లేదు; రెండు మూడు మాటలతో ముగించెదను. స్కానరుపై ఫోటోను అంగుళమునకు 600 చుక్కలకు తక్కువ కాకుండ, అరచేతి బొమ్మలను 1200 చుక్కలతోను తీయవలెను. మూలప్రతిని టిఫ్ రూపమున దాచి, దానిని ఎన్నడును దిద్దరాదు, దిద్దుటలన్నియు వేరుప్రతిలో. ముందువైపు తీసినట్లే వెనుకవైపును తీయవలెను. అక్కడ స్టూడియో ముద్రయో, పెన్సిలు గీతయో, ఒక్కొక్కప్పుడు ముఖముకన్న విలువైనది యుండును. మూడు ప్రతులు, వానిలో ఒకటి వేరు ఊరిలో. ఇంటివారు ఫోటోను గడప దాటనీయమన్నచో, వారి నమ్మకమును గౌరవించి, కిటికీయొద్ద నీడవెలుతురులో నేలపై పరచి, ఫ్లాషు లేకుండ, ఫోనును సమతలముగా పట్టి తీసికొనుడు. అది స్కానరంత బాగుండదు. ఐనను లేనిదానికన్న వేయిరెట్లు మేలు.

ఇప్పుడు నా బల్లపైనున్న బొమ్మకు తిరిగి వత్తము. దానిని ముందుగా నేనొక్కడనే చదువ ప్రయత్నించితిని. ఛాయాచిత్రము చదువుటకు అలవాటు కావలెను. మొదటి దినమున చూపు ముఖములమీదనే నిలుచును, రెండవ దినమున చేతులమీదికి పోవును, మూడవ దినమునకు గాని గోడమీది అక్షరములను చేరదు. భూతద్దముతో చూడగా పెట్టె ప్రక్క ఎస్.ఇ. అను రెండు ఆంగ్లాక్షరములు కనబడినవి. అవి ఆగ్నేయ రైల్వే గుర్తులు; కనుక బొమ్మ 1955కు ముందుది కాదు. అక్కడ బెంగాల్ నాగపూర్ రైల్వే గుర్తుగా బి.ఎన్.ఆర్. అని యున్నచో కథ వేరుగానుండెడిది. గుమ్మము ప్రక్క రోమను అంకెలలో మూడు నిలువుగీతలు గలవు. అది మూడవతరగతి పెట్టె. మన దేశమున మూడవతరగతిని 1974లో తీసివేసిరి; కనుక బొమ్మ సుమారుగా దానికి ముందుది. నలుచదరపు ఆకారమును బట్టి, 120 అంకె ఫిల్ముచుట్టతో పండ్రెండు బొమ్మలు తీయు సామాన్యపు కెమేరాలలో నొకదానితో తీసినదని తోచును. అగ్ఫా క్లిక్ వంటివి ఆ దినములలో మధ్యతరగతి యిండ్లకు వచ్చిన కెమేరాలు. ఇట్లు రెండు ఆంగ్లాక్షరములును, మూడు గీతలును నాకు పందొమ్మిది సంవత్సరముల హద్దును గీసియిచ్చినవి.

ఇట్టి గుర్తులు ఇంకను కలవు. స్టేషను పలకమీద హిందీ అక్షరములున్నచో అది సాధారణముగా స్వాతంత్ర్యము తరువాతిది. దూరపురాళ్లపై మైళ్లున్నవో కిలోమీటర్లున్నవో చూడుడు. 1956లో మెట్రికు కొలతల చట్టము వచ్చిన పిమ్మట అవి క్రమముగా మారినవి. ఫోటోతోపాటు ఆల్బములో పాత అట్ట టిక్కెట్టు దొరికినచో, ఛార్జీ అణాలలో నున్నదా, నయాపైసలలో నున్నదా యని చూడుడు. 1957 ఏప్రిల్ 1 ఆ రెంటికిని నడుమ గీత. ఇంజను కనబడినచో దానిమీది అంకెను ముందుగా వ్రాసికొనుడు. ఈ మార్గమున పనిచేసిన ఆవిరి ఇంజన్లకు పి.ఎల్. తరగతియని పేరు, నీళ్లతొట్టి, బొగ్గుతొట్టి తమ మీదనే మోయు చిన్న ఇంజన్లు, ఇంగ్లండులో కెర్ స్టువర్ట్ కంపెనీ చేసినవి. డీజిలు ఇంజను కనబడినచో ఆ బొమ్మ ఈ బండి చివరికాలపుదని గ్రహింపవచ్చును. నీడల దిక్కును బట్టి వేళను, చేల స్థితిని బట్టి ఋతువును ఊహింపవచ్చును.

ఐనను ఈ చదువంతయు నన్ను ఊరి పేరు వరకు తీసికొనిపోలేదు. గంప మోయు స్త్రీని నేను ప్రయాణికురాలని నిశ్చయించితిని. సంతనుండి బియ్యము కొనితెచ్చుకొని యింటికి పోవుచున్నదని, ఆ బాలుడు ఆమె కుమారుడని, చక్కని కథ నొకటి నా మనసు దానంతట అదే అల్లుకొన్నది. రెండు నెలలు ఆ కథనే నమ్మితిని.

అటుపిమ్మట ఈ మార్గమున గ్యాంగుమనిషిగా పనిచేసి విశ్రాంతి పొందిన యొక వృద్ధుని యింటికి పోతిని. అడుగు పద్ధతిని గూర్చి ఒక మాట. ప్రశ్నల పట్టికతో పోరాదు. తేదీలతో మొదలుపెట్టరాదు, తేదీ యడుగగానే వృద్ధులు పరీక్షలో కూర్చున్న పిల్లలవలె భయపడుదురు. ఫోటోను పెద్దదిగా ముద్రించి, చేతికిచ్చి, ఊరకుండవలెను. ఆ నిశ్శబ్దమును భరించుటయే కష్టము; మనము తొందరపడి “ఇది నౌపడా కదండీ?” అన్నామా, వారు మర్యాదకు “అవును” అందురు, ఆ అవును చరిత్రలోనికి పోవును.

ఆయన కన్నులకు దగ్గరగా పెట్టుకొని చాలసేపు చూచెను. తరువాత నవ్వెను.

“పాతపట్నం,” అనెను.

“ఎట్లు గుర్తుపట్టితిరి, బాబాయిగారూ?”

“ఈవిడుంది కదా. ఈవిడ పాతపట్నం తప్ప ఇంకెక్కడా కనిపించదు.”

“ప్రయాణికురాలు కాదా?”

“కాదు బాబూ. గంపమీద ఆకులు సూడు. తాటిముంజిలు. ఎండ తగలకుండా పచ్చాకు కప్పీవోరు. బండొచ్చీదాకా సెట్టు కింద కూకునీది, ఆగగానే పెట్టెపెట్టికీ తిరిగీది. ఆ కుర్రోడు ఈవిడ కొడుకు కాదు, గార్డుగారికి మంచినీళ్లు తెచ్చీవోడు.”

నా రెండు నెలల కథ ఒక్క మాటతో కూలినది. దాని స్థానమున నిజము వచ్చి నిలిచినది. ముంజలనగా వేసవి. బండి ఆగిన ఆ కొద్ది నిమిషములలో జీవనము గడుపుకొను నొక స్త్రీ, ఆమె నిలుచు చోటు, ఆమె అమ్మునది – ఏ రైల్వే దస్త్రములోను లేని సంగతి నాకు లభించినది. ఆమె పేరడిగితిని. ఆయన కన్నులు మూసికొని, పెదవులు కదిపి, “నోటిదాకా వస్తంది, రాడం లేదు” అని బాధపడెను. నేను బలవంతము చేయలేదు. నా ఫోను నంబరు గోడమీది క్యాలెండరుపై వ్రాసి వచ్చితిని. మూడవ దినమున ఆయన కోడలు ఫోను చేసినది. “మావయ్యగారు రాత్రి నిద్దట్లో లేచి ఆవిడ పేరు చెప్పినారండి. మళ్లీ మర్చిపోతారేమోనని క్యాలెండరు మీద రాసి ఉంచేను” అని ఆ పేరు చెప్పినది.

జ్ఞాపకము మన సౌకర్యమును బట్టి రాదు. ఒక్కమారు అడిగి, సమాధానము రాలేదని పెట్టె మూసినవాడు ఆ పేరును పోగొట్టుకొనెడివాడే. అడిగినవాడు తిరిగిరావలెను, తిరిగిరాలేనివాడు తన నంబరు వదలివెళ్లవలెను. ఇంటనున్న కోడండ్రను, మనుమలను గూడ ఈ పనిలో భాగస్వాములను చేయవలెను. వృద్ధుని మాట అర్ధరాత్రి వచ్చినప్పుడు వినువారు వారే.

తెలిసినదానిని వ్రాయుటకు మెత్తని పెన్సిలు చాలును. బాల్‌పెన్ను వద్దు; దాని ఒత్తిడి ముందువైపు గాటుగా లేచును, సిరా ఊరును. బొమ్మను గాజుపలకమీద బోర్లించి, వెనుక అంచున, తేలికగా వ్రాయవలెను. ఎవరు చెప్పిరో, ఎప్పుడు చెప్పిరో అదియు వ్రాయవలెను. ఊహను ఊహయని, తెలియనిదానిని తెలియదని వ్రాయుటకు సిగ్గుపడరాదు. “గార్డు పేరు తెలియదు” అను వాక్యము తరువాతివానికి చేయి చాచి పిలుచును, కల్పించిన పేరు వానిని దారి తప్పించును. నలుపుతెలుపు బొమ్మలకు ఇప్పుడు యంత్రములు రంగులు వేయుచున్నవి. ఆ రంగులు యంత్రపు టూహలే. గార్డు జెండా ఆకుపచ్చదో ఎఱ్ఱదో మనకు తెలియనప్పుడు, దానికొక రంగు పులిమి పదిమందికి పంచుట అబద్ధసాక్ష్యము చెప్పుటతో సమానము. సరదాకు చేసికొన్నవారు దానిపై ఆ మాట స్పష్టముగా వ్రాయవలెను.

ప్రకటించునప్పుడు రెండు హక్కులను వేరుగా చూడవలెను. కాగితము ఒకరిది కావచ్చును, బొమ్మపై హక్కు తీసినవానిది కావచ్చును. ఇప్పటి మన చట్టము ప్రకారము ఆ హక్కు తీసినవాని జీవితకాలమును, ఆపైన అరువది సంవత్సరములును నిలుచును. తీసినవాడు తెలిసినచో అనుమతి యడుగుడు. తెలియనిచో, ఆల్బము ఇచ్చిన కుటుంబమునకు నకలు తిరిగి యిచ్చి, వారి పేరును వారి యిష్టము మేరకే వ్రాయుడు. ముంజలమ్మిన ఆ తల్లి పేరు నాకు తెలియును; ఆమె సంతతివారిని ఇంకను కలిసికొనలేదు కనుక ఇచట ప్రకటింపలేదు.

నా బల్లపైనున్న బొమ్మ వెనుక ఇప్పుడు పెన్సిలుతో ఐదు పంక్తులున్నవి. పాతపట్నము స్టేషను. 1955–1974 నడుమ, వేసవి. గంపతో నున్న స్త్రీ పేరు. బాలుడు గార్డునకు మంచినీళ్లు తెచ్చువాడు, పేరు తెలియదు. గార్డు పేరు తెలియదు. ఈ పుస్తకము చదువువారిలో నౌపడానుండి గుణుపురము వరకు గల ఏ యూరివారైనను ఉన్నచో, మీ యింటి పెద్దవారికి పాత ఆల్బము నొకటి ఈ సాయంకాలమే చేతికిచ్చి, ప్రక్కన కూర్చుండుడు. పెన్సిలు దగ్గర నుంచుకొనుడు.